పన్నెండు గ్రాములు

కౌంటరు మీద ఆమె పెట్టిన అట్టపెట్టె
ఐదొందల పన్నెండు చూపించింది.
ఐదొందలు దాటితే పై మెట్టేనండీ, అన్నాను.
పన్నెండు గ్రాములు దాటినా, నాలుగొందలు దాటినా
ఆ మెట్టు ఎత్తు ఒకటే.

సువార్తమ్మ డబ్బు తియ్యలేదు.
కొంగుముడి మీద చెయ్యి అలాగే ఉంచి
"నా నూలు పద్దెనిమిది ఉండలు.
ఉండ ఇరవై గ్రాములు.
మిగతా బరువు ఎవరిది బాబుగారూ?" అంది.

ఇరవై ఆరేళ్ల సర్వీసులో
బరువెంతని అడిగినవాళ్లున్నారు,
ఎవరిదని అడిగినవాళ్లు లేరు.

జిగురు సీసా పక్కన, తాడు కట్టిన పెన్ను పక్కన
బల్ల మీద కూర్చుని
అందరూ చూస్తుండగా పెట్టె విప్పింది.
మూడు చుట్లు తిప్పిన టేపు పీకేసింది.
మూలల్లో కుక్కిన పాత పేపరు తీసేసింది.
నా కత్తెర అడిగి లోపలి రెక్కలు కోసింది.
ఐదొందల మూడు.

బయట నాలుగు రోజుల ముసురు.
వశిష్ఠ మీంచి వచ్చే తడి
ఉప్పు డబ్బాలోకి, అగ్గిపుల్లల్లోకి,
నా రిజిస్టర్ల అంచుల్లోకి ఎక్కి కూర్చుంది.
ఆమె అట్టముక్కని బుగ్గకి ఆనించుకుంది,
పసిపిల్లకి జ్వరం చూసినట్టు.
"ఇది అట్ట బరువు కాదండీ, వాన బరువు.
గోదారి నీళ్లకి పూనా దాకా
టిక్కెట్టు నేనెందుకు కొనాలి?"

మర్నాడు రాలేదు. ఆ మర్నాడు కాస్త ఎండ కాసింది.
చేపలు ఎండేసిన చాపకి ఎడంగా
అట్టని ఆరబెట్టిందట
(పూనా వాళ్లకి వాసన తగలకూడదు కదా).
పదకొండింటికి వచ్చింది.
నాలుగొందల తొంభై ఆరు.
నవ్వలేదు. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
మిగిలిన డబ్బుకి ఓ ఉండ నూలొస్తుంది,
ఇంకాస్త కలిపితే ఓ సూది.

పై నెలకి పెట్టే లేదు.
పాత పంచె చించి కుట్టిన సంచీ,
దానిమీద సిరాతో చిరునామా.
"పగిలే సరుకా ఏవన్నానా?
నలిగితే వాళ్లే ఇస్త్రీ చేసుకుంటారు."

సంచీ మూతి కుట్టకముందు
ఆ బల్లగుడ్డ విప్పి చూపించింది.
చూస్తే అందులో ఉన్నవన్నీ కన్నాలే,
కన్నాల చుట్టూ కాస్త దారం కాపలా.
ఖాళీని ఇంత పొదుపుగా అల్లే మనిషి
పెట్టెలో ఖాళీకి పైసా ఇవ్వనంటే
నాకెందుకు ఆశ్చర్యమేసిందో తెలీదు.

రేట్ల కాగితం నా సొరుగులోనే ఉంది.
ఏ మెట్టు ఎక్కడ మొదలవుతుందో నాకు నోటికొచ్చు.
ఐదొందల నాలుగు, వెయ్యిన్నొక్కటి, వెయ్యిన్నారు,
ఎన్ని పెట్టెలు నా ముందు మెట్టెక్కాయో!
కాస్త టేపు పీకి చూడండి అని
ఒక్కరికీ చెప్పిన పాపాన పోలేదు.
అంతెందుకు, మా చెల్లెలికి మాగాయ పంపినప్పుడు
జాడీతో సహా తూయించి
నా డబ్బు నేనే కట్టాను.

మొన్నో కుర్రాడు కాజాలు తెచ్చాడు.
కాజాలు మోకాలెత్తున, పెట్టె నడుమెత్తున.
వరసలో వెనకనుంచి సువార్తమ్మ
"లోపలి గాలిని కూడా పంపిస్తున్నావా అబ్బాయ్?
అక్కడ గాలి లేదా ఏవిటి?" అంది.
కుర్రాడు సిగ్గుపడి
ఎదురు కొట్టుకెళ్లి చిన్న పెట్టె తెచ్చుకున్నాడు.

తర్వాత ఆమె వంతు.
సంచీ పెట్టాను.
నాలుగొందల తొంభై తొమ్మిది.
ఐదొందల ఒకటి. ఐదొందలు. ఐదొందల రెండు.
అంకెలు నిలబడటం లేదు.
ఆమె నన్ను అడగలేదు,
తలెత్తి నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాను వంక చూసింది.

లేచి స్విచ్చి ఆపాను.
రెక్కలు ఆగేదాకా వరసంతా ఊపిరి బిగబట్టింది.
నాలుగొందల తొంభై ఎనిమిది.

ఇప్పుడు ఎవరొచ్చినా,
అడిగినా అడక్కపోయినా,
తూకం వేసేముందు ఫ్యాను ఆపుతున్నాను.
చొక్కా వీపుకి అంటుకుపోతోంది.